రైడింగ్ గేర్ ఎంపిక, 4వ పాఠం: ఆర్మర్ కీలు మీద నిలవాలి

ఈ పాఠం మట్టిదారి గేర్ గురించి. అక్కడికి వెళ్తాం, కానీ జాకెట్ పాఠం చదివి కొన్నవాళ్లు పంపిన ఫొటోలు చూశాక ముందు జాకెట్ సైజు లెక్క తేల్చక తప్పడం లేదు. చాలా జాకెట్లు ఒక సైజు పెద్దవి. కారణాలు రెండే కనిపిస్తున్నాయి: "గాలి ఆడాలి" అని వదులుగా తీసుకోవడం, లేదా లోపల తగిలించే పొరలు, అంటే వానకి రెయిన్ లైనర్, చలికి థర్మల్ లైనర్, రెండూ తగిలించి సైజు చూసుకోవడం.

మెష్ జాకెట్‌లోకి గాలి వచ్చేది జాలీ గుడ్డలోంచి. వదులుకీ దానికీ సంబంధం లేదు. వదులు జాకెట్ హైవే వేగంలో ఉబ్బి టపటపా కొట్టుకుంటుంది, అది చిరాకు మాత్రమే. అసలు ప్రమాదం మోచేతి దగ్గరుంది. చెయ్యి నేలకు తగిలి రాసుకోగానే వదులు స్లీవ్ చేతి చుట్టూ తిరిగిపోతుంది. దాంతోపాటు లోపల దెబ్బ తట్టుకునే మెత్త, అంటే ఆర్మర్, కూడా పక్కకు జరుగుతుంది. దెబ్బ నేరుగా మోచేతి ఎముకకే. ఆ ఆర్మర్ లెవల్ 1 అయినా, అంతకన్నా ఎక్కువ ఆపే లెవల్ 2 అయినా అప్పుడు ఒకటే.

సైజు చూసే పద్ధతి ఇది. లైనర్లన్నీ తీసేయండి. లోపల పల్చటి టీషర్టు ఒక్కటే ఉండాలి. మీ బైకు మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకోండి. చేతి మీదా ముంజేతి మీదా ఉన్న బటన్ పట్టీలు బిగించండి, వాటిని ముట్టుకోనివాళ్లే ఎక్కువ. ఇప్పుడు పక్కన ఒక మనిషిని మోచేతి ఆర్మర్‌ను బయటినుంచి గుప్పిట్లో పట్టుకుని గట్టిగా తిప్పమనండి. కాస్త కదిలి ఆగిపోతే సరిపోయింది. చేతి చుట్టూ పావు వంతు తిరిగిందంటే ఒక సైజు తగ్గించండి, లేదా కట్ వేరే ఉన్న జాకెట్ చూడండి. నిలబడి అద్దం ముందు చూసుకుంటే మాత్రం సరైన సైజు కూడా ఇరుకుగానే అనిపిస్తుంది. వీపు దగ్గర పట్టేసినట్టు, చేతులు పొడవైనట్టు ఉంటుంది. అది కుట్టిందే కూర్చుని ముందుకు వంగే భంగిమకి.

ప్యాంటు సంగతి దీనికి భిన్నం. కూర్చోగానే గుడ్డ పైకి లాగుతుంది. అందుకని నిలబడ్డప్పుడు మోకాలి ఆర్మర్ నడిబొడ్డు చిప్పకి కొంచెం కింద ఉండాలి, కూర్చుంటే చిప్ప మీదికి వస్తుంది. చాలా ప్యాంట్లలో ఆర్మర్ జేబు లోపల వెల్క్రోతో రెండు మూడు ఎత్తులు పెట్టుకునే వీలుంటుంది. కొన్నరోజే దాన్ని సరిచేసుకోండి.

లోపలి రెయిన్ లైనర్‌తో వచ్చే జాకెట్లను నేను సిఫారసు చెయ్యను. వానకి పైగుడ్డ మొత్తం నానుతుంది, బరువెక్కుతుంది, ఆగాక గంటలతరబడి ఆరదు. పైగా లైనర్‌తో సరిపోయే సైజు లైనర్ తీసేస్తే వదులు. జాకెట్ ఒంటికి సరిగ్గా కొనుక్కుని, పైన వేసుకునే రెయిన్ సూటు ఒక సైజు పెద్దది, మెరిసే పసుపో నారింజో తీసుకోండి. జాకెట్‌నీ ప్యాంటునీ కలిపే నడుము జిప్ కూడా తప్పకుండా వాడండి. జారుతున్నప్పుడు జాకెట్ పైకి లేచి నడుము చర్మం రోడ్డుకి తగలకుండా ఆపేది అదొక్కటే.

ఇప్పుడు మిగతా అన్నిటికన్నా ఎక్కువ మంది చిక్కుకున్న చోటు: వీపు జేబు.

"నా జాకెట్‌కి ఏఏ (AA) రేటింగ్ ఉంది, ఐదుచోట్లా ఆర్మర్ ఉంది" అని రాసినవాళ్లలో చాలామంది ఐదోదిగా లెక్కేసింది వీపు జేబులోని నల్లటి ఫోమ్ ముక్క. దాన్ని బయటికి తీసి రెండు వేళ్ల మధ్య నొక్కండి. వేళ్లు ఇంచుమించు కలుసుకుంటే అది ఆర్మర్ కాదు. జేబు ఆకారం చెడకుండా, జాకెట్ వేలాడదీసినప్పుడు నిండుగా కనపడేలా పెట్టిన ప్యాకింగ్ అది. రేటింగ్ ఉన్న జాకెట్‌లో అలాంటిదెలా ఉంటుందంటే, ఈఎన్ 17092 అనే యూరప్ ప్రమాణం ప్రకారం ఏ (A), ఏఏ (AA), ఏఏఏ (AAA) తరగతుల జాకెట్లకి భుజాలూ మోచేతులూ మాత్రమే తప్పనిసరి. వీపు రక్షణ ఈ మూడింట్లో దేనికీ తప్పనిసరి కాదు. అంటే కంపెనీ అబద్ధం ఆడకుండానే ఫోమ్ పెట్టి అమ్మవచ్చు. ప్యాంట్లలోనూ ఇలాంటి సందే ఉంది: ఏఏ, ఏఏఏ ప్యాంట్లకి తుంటి ఆర్మర్ ఉండి తీరాలి, ఒక్క ఏ (A) తరగతి ప్యాంటుకి మాత్రం మోకాళ్లు చాలు.

ఇంకో పొరపాటు ఇక్కడే తోడవుతోంది. జాకెట్ రేటింగూ ఆర్మర్ రేటింగూ వేర్వేరు. ఏఏ అన్నది ప్రధానంగా గుడ్డ ఎంత రాపిడికి ఆగుతుంది, కుట్లు ఎంత గట్టివి, చిరుగు ఎంత పడుతుంది అనేదాని గురించి. తిరిగే యంత్రానికి గుడ్డ ముక్క బిగించి కాంక్రీటు మీద వదులుతారు. భుజం, మోచెయ్యి, మోకాలి లాంటి ముఖ్య భాగాల్లో ఏఏఏకి వేగం గంటకు సుమారు 120 కిలోమీటర్లు, ఏఏకి 70, ఏ (A) తరగతికి 45. ఆర్మర్‌ది దెబ్బ పరీక్ష. 5 కిలోల బరువును సుమారు మీటరు ఎత్తునుంచి, అంటే 50 జౌల్స్ శక్తితో, దానిమీద పడేస్తారు. అవతలి వైపుకి చేరిన సగటు బలం చూస్తారు. కీళ్ల ఆర్మర్‌కి, అంటే ఈఎన్ 1621-1కి, అది 35 కిలోన్యూటన్లు దాటకపోతే లెవల్ 1, 20 దాటకపోతే లెవల్ 2. వీపుది వేరే ప్రమాణం, ఈఎన్ 1621-2. అక్కడ హద్దులు 18, 9. వీపుకి లెవల్ 1, లెవల్ 2 మధ్య తేడా సగానికి సగం. కాబట్టి ఒక్కచోటే డబ్బు ఎక్కువ పెట్టగలిగితే వీపు లెవల్ 2కి పెట్టండి.

ఫోమ్ తీసేసి నిజమైనది పెట్టాలంటే ముందు ఆ ఫోమ్‌నే కాగితం మీద పెట్టి గీత గీసుకోండి. ఆ గీతలో పట్టే ఆర్మర్ కొనాలి. చిన్నది పెడితే జేబులో కిందికి జారిపోతుంది. "సీఈ" (CE, యూరప్ ప్రమాణాల గుర్తు) అన్న రెండక్షరాలు మాత్రమే ఉంటే కొనొద్దు. ముద్ర ఆర్మర్ ఒంటిమీదే ఉండాలి, అందులో బైకు నడుపుతున్న మనిషి బొమ్మ, ప్రమాణం సంఖ్య, లెవల్, ఏ భాగానిదో చెప్పే ఇంగ్లిష్ అక్షరం కనపడాలి. ఎస్ (S) అంటే భుజం, ఈ (E) అంటే మోచెయ్యి, హెచ్ (H) తుంటి, కె (K) మోకాలు. వీపులో ఎఫ్‌బీ (FB) పూర్తి వీపు, సీబీ (CB) మధ్యభాగం, ఎల్‌బీ (LB) నడుము. మనకి ముఖ్యమైన ఇంకో గుర్తు టీ ప్లస్ (T+). 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్ష నెగ్గిందని దానర్థం. మెత్తగా ఉండి దెబ్బకి గట్టిపడే రకం ఆర్మర్ వేడికి ఇంకా మెత్తబడుతుంది. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం నడిపేవాళ్లు ఆ గుర్తు లేనిది తీసుకోకూడదు.

ఇక మట్టి.

తారు రోడ్డు మీద పడటం అరుదు, పడితే జారడం ఎక్కువ. మారేడుమిల్లి అడవి దారిలోనో, వికారాబాద్ వైపు ఎర్రమట్టి గుట్టల్లోనో పడటం మామూలు, కానీ వేగం తక్కువ. అక్కడ గుడ్డ అరిగిపోవడం కాదు సమస్య. రాయి మీద మోకాలు పడటం, మోకాలు మెలిపడటం, బైకు కాలి మీద పడటం, హ్యాండిల్ చివర ఛాతీలో గుచ్చుకోవడం. పైగా ఫుట్‌పెగ్‌ల (కాళ్లు పెట్టే కడ్డీల) మీద నిలబడి, 20 వేగంలో, గాలి లేకుండా ఒళ్లంతా కదిలించాలి. జాకెట్ జేబుల్లో వేలాడే ఆర్మర్ ఈ కదలికకి నిలవదు. అందుకే మట్టిలో ఆర్మర్‌ని నేరుగా ఒంటికి కడతాం: సాగే జాలీ బనియన్‌లో కుట్టిన భుజం, మోచెయ్యి, ఛాతీ, వీపు. దానిపైన వదులు జెర్సీ.

ఛాతీ ముందు వేసుకునే గట్టి ప్లాస్టిక్ కవచాల విషయంలో లేబుల్ చూడండి. ఈఎన్ 14021 అని ఉంటే అది ముందు వెళ్తున్న బైకు చక్రం విసిరే రాళ్లనుంచి మాత్రమే కాపాడేది. హ్యాండిల్ దెబ్బకి కావాల్సింది ఈఎన్ 1621-3.

మోకాళ్లకి రెండే మాటలు. మెలిక నుంచి కాపాడేది తొడకీ పిక్కకీ బిగించే, కీలున్న గట్టి మోకాలి బ్రేస్ మాత్రమే. మామూలు మోకాలి గార్డు దెబ్బకి పనికొస్తుంది, మెలికకి కాదు. ఏది వేసుకున్నా పొడవాటి సాక్సు మీద, ప్యాంటు లోపల. కింది భాగం బూటు లోపలికి దిగాలి. బూటు అంచు దాన్ని పైకి నెడుతుంటే కీలు మోకాలి కీలుతో కలవదు.

బూట్ల దగ్గర రాజీ పడొద్దు. ట్రెక్కింగ్ బూట్లు చీలమండ పక్కకి ఒరగకుండా కొంత ఆపుతాయి, అంతే. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బైకు కర్బ్ బరువు (పెట్రోలు, ఆయిల్‌తో కలిపి) 196 కిలోలు. అది పక్కకి ఒరిగి పాదాన్ని రాయికేసి నొక్కినప్పుడు అరికాలు అడ్డంగా నలగకుండా ఆపగలిగేది గట్టి సోలు ఉన్న మోటార్‌సైకిల్ బూటు. ఈఎన్ 13634 లేబుల్ మీద నాలుగు అంకెలుంటాయి: పొడవు, రాపిడి, కోత, అడ్డంగా నలగడానికి నిలిచే గట్టిదనం. ఒక్కొక్కటి 1 గానీ 2 గానీ. మట్టికి మొదటిదీ నాలుగోదీ 2 ఉండాలి. చీలమండ, కాలి ముందెముక రక్షణకి ఐపీఏ (IPA), ఐపీఎస్ (IPS) అని విడిగా రాసి ఉంటుంది. మోటోక్రాస్ బూటు కొత్తలో గేర్ తెలియనివ్వదు. ముందుభాగం మందం వల్ల లివర్ కింద పట్టదు కూడా. గేర్ లివర్ బోల్టు వదులు చేసి పళ్ల మీద ఒక పన్ను పైకి జరపండి, వెనక బ్రేకు పెడల్ ఎత్తు కూడా సరిచూసుకోండి. దీనికి బూట్లని తప్పుపట్టి పక్కన పడేయకండి.

గ్లవ్స్: మట్టికి పల్చనివి చాలు, కానీ బైకుకి హ్యాండ్‌గార్డులు ఉంటేనే.

హైదరాబాద్ నుంచి తారు మీద వికారాబాద్ వెళ్లి, అక్కడ మట్టిలో దిగి, మళ్లీ తారు మీదే తిరిగొచ్చేవాళ్లకి ఇదంతా ఇరకాటం. జెర్సీ తారుకి క్షణంలో చిరిగిపోతుంది. జాకెట్‌తో మట్టిలో ఉడికిపోతారు. నేను చెప్పే అమరిక ఇది: ఆర్మర్ బనియన్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒంటిమీదే ఉంటుంది. తారు మీద దానిపైన, లోపలి ఆర్మర్ అంతా తీసేసిన మెష్ జాకెట్. మట్టి మొదలుకాగానే జాకెట్ మడిచి సీటుకి కట్టేయడం, జెర్సీ వేసుకోవడం. మీ జాకెట్ సైజు సరైనదైతే ఆర్మర్ తీసిన జాగాలో బనియన్ ఆర్మర్ పట్టేస్తుంది. ఒకదానిమీద ఒకటి రెండు ఆర్మర్లు మాత్రం వేసుకోవద్దు. రెండూ ఒకదానిమీద ఒకటి జారి, కీలు మీద ఏదీ ఉండదు. ప్యాంటులోనూ ఇదే పద్ధతి: బ్రేస్ ఉంటే ప్యాంటు మోకాలి ఆర్మర్ తీసేయండి, తుంటివి ఉంచండి.

అభ్యాసం. దీనికి ఒక ఆదివారం పొద్దుట మూడు గంటలు పెట్టుకోండి, సహాయానికి ఒక మనిషి కావాలి.

జాకెట్, ప్యాంటు బల్లమీద పరిచి, లోపలి ప్రతి ఆర్మర్ అంచులనీ బయటినుంచి తడిమి, సుద్దముక్కతో గుడ్డమీద గీయండి. ఇప్పుడు ఆర్మర్లన్నీ తీసేయండి. ఒక్కొక్కదాని మీద ఏం ముద్రించి ఉందో నోట్‌బుక్‌లో రాయండి: భాగం, ప్రమాణం, లెవల్, టీ ప్లస్ ఉందా లేదా. ముద్ర లేనిదాని ఎదురుగా "లేదు" అని రాయండి. ఖాళీ జాకెట్, ప్యాంటు వేసుకుని పట్టీలన్నీ బిగించండి. మీ సహాయకుడు గుడ్డమీద నొక్కి మోచేతి మొన, భుజం ఎముక, మోకాలి చిప్ప మధ్యభాగం, తుంటి ఎముక వెతకాలి. అది సుద్దగీత లోపల, ఏ అంచుకీ కనీసం రెండు వేళ్ల దూరంలో ఉండాలి. మూడు భంగిమల్లో చూడండి: బైకు మీద కూర్చుని, మెయిన్ స్టాండ్ వేసిన బైకు పెగ్‌ల మీద నిలబడి (సహాయకుడు ముందునుంచి పట్టుకోవాలి), నేలమీద బోర్లా పడుకుని చేతులు ముందుకు చాచి. మూడో భంగిమలో మోచెయ్యి ఎక్కువమందికి గీత దాటుతుంది. దాటితే ముంజేతి పట్టీ ఒక బటన్ బిగించి మళ్లీ చూడండి.

తర్వాత ఆర్మర్లన్నీ తిరిగి పెట్టి, బూట్లు, గ్లవ్స్, హెల్మెట్‌తో సహా మొత్తం వేసుకుని రెండంతస్తుల మెట్లు ఎక్కి దిగండి, 20 గుంజీళ్లు తీయండి. వెంటనే కదలకుండా నిలబడి ప్రతి ఆర్మర్ అంచునీ మళ్లీ తడిమి వేరే రంగు సుద్దతో గీయండి. మట్టి గేర్ ఉన్నవాళ్లు బనియన్‌తో, బ్రేస్‌తో ఇదంతా మళ్లీ చేయాలి. రెండు గీతల మధ్య ఎన్ని వేళ్ల తేడా వచ్చిందో, ఏ కీలు దగ్గరో రాసి పంపండి. వేడి, వాన గురించిన 5వ పాఠానికి ముందు ఆ అంకెలు నాకు కావాలి.