పరిమిత డేటా ఉన్న ఉపగ్రహ ఇంటర్నెట్‌లో వీడియోలు చూడటం ఎలా?

ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల వైపు ఉపగ్రహ ఇంటర్నెట్ పెట్టించుకునేవారు వేగం కన్నా ముందు డేటా లెక్క చూసుకోవాలి. భూస్థిర ఉపగ్రహం (భూమితో పాటే తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు కనిపించేది) 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండటం వల్ల సంకేతం వెళ్లి రావడానికి దాదాపు అర సెకను పడుతుంది. అయితే వీడియో ప్లేయర్ కొంత భాగాన్ని ముందే దింపుకుంటుంది కనుక, ఆ ఆలస్యం వీడియో కాల్‌ను ఇబ్బంది పెట్టినంతగా సినిమాను పెట్టదు.

అసలు ఖర్చంతా నాణ్యతలోనే ఉంది. నెట్‌ఫ్లిక్స్‌లో గంటకు హెచ్‌డీకి 3 జీబీ వరకు, 4కేకి 7 జీబీ వరకు ఖర్చవుతుండగా, మధ్యస్థ నాణ్యతకు 0.7 జీబీ సరిపోతుంది. అంటే 50 జీబీ ప్యాక్ హెచ్‌డీలో 17 గంటల లోపే అయిపోవచ్చు, మధ్యస్థంలో 70 గంటలు వస్తుంది. కాబట్టి నెట్‌ఫ్లిక్స్ ఖాతాలోని ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో ‘ఆటో’ బదులు ‘మధ్యస్థం’, యూట్యూబ్‌లో 480పీ ఎంచుకోవాలి. చిన్న టీవీకి అంతకు మించి అక్కర లేదని నా అభిప్రాయం. ఒకటి అవగానే తర్వాతి వీడియోను దానంతట అదే మొదలుపెట్టే ఆటోప్లేను తప్పక ఆపాలి. టీవీ ముందే నిద్రపోయేవారున్న ఇంట్లో ఇది మరీ అవసరం.

ప్లాన్‌లో రాత్రి డేటా విడిగా ఇస్తే డౌన్‌లోడ్లు అప్పుడే పెట్టుకోవాలి. హనుమకొండకు వెళ్లినప్పుడు మంచి వైఫై దొరికితే ఫోన్‌లోకి దింపుకుని రావడం ఇంకా నయం. జోరువాన సంకేతాన్ని బలహీనపరుస్తుంది కనుక, ఇంట్లో పెట్టుకునే డౌన్‌లోడ్లను ముసురు పట్టకముందే ముగించాలి.