ఎక్కే ముందు గిట్టలు చూడండి

మలక్‌పేట రేస్‌కోర్స్ దగ్గర పెరిగినదాన్ని, గుర్రాలంటే నాకు ప్రాణం. రైడింగ్ నేర్చుకునే కాలేజీ పిల్లలు "మొదట ఏం నేర్చుకోవాలి అక్కా?" అంటే, జీను సంగతి తర్వాత, ముందు కాళ్లు చూడమంటాను.

గుర్రాన్ని చదునైన నేల మీద నిలబెట్టించి పక్క నుంచి చూడండి. భుజం వాలు, గిట్టపైన ఉండే పాస్టర్న్ వాలు దాదాపు ఒకేలా, సుమారు 45 నుంచి 50 డిగ్రీలు ఉంటే అడుగు సాఫీగా పడుతుంది. పాస్టర్న్ మరీ నిటారుగా ఉంటే కుదుపు ఎక్కువ, కీళ్ల మీద భారమూ ఎక్కువే.

ఇక గిట్టల శుభ్రం. ఇక్కడ తొందర పనికిరాదు. గుర్రం భుజం పక్కన, తోక వైపు ముఖం పెట్టి నిలబడి, చేతిని కాలి వెంట మెల్లగా కిందికి జార్చండి. అలవాటున్న గుర్రం కాలు తనే ఎత్తుతుంది. గిట్టలు శుభ్రం చేసే హుక్‌తో మడమ నుంచి ముందుకు గీకండి. మధ్యలో త్రికోణంగా, రబ్బరులా ఉండే ఫ్రాగ్‌ను పొడవొద్దు. దాని పక్క గాడుల్లో ఇరుక్కున్న పేడ, రాళ్లు తీయండి. అక్కడ నల్లటి జిగురు, కుళ్లు వాసన ఉంటే అది థ్రష్, అంటే గిట్టకు పట్టే కుళ్లు జబ్బు. వానాకాలంలో లాయం తడిగా ఉంటే ఇట్టే పట్టుకుంటుంది. ట్రైనర్‌కు వెంటనే చెప్పండి.

మే నెలలో రైడింగ్ తెల్లవారుజామునే. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుర్రం గుండె నిమిషానికి 28–44 సార్లు కొట్టుకుంటుంది. మేత మానేసి, మాటిమాటికీ పొట్ట వైపు చూస్తోందంటే కోలిక్ (కడుపునొప్పి) కావచ్చు, డాక్టర్‌ని పిలిపించాల్సిందే.

జీనెక్కాక చూపు ముందుకు, మడమలు కిందికి. టెన్షన్‌లో పగ్గాలు పట్టుకుని వేలాడొద్దు, గుర్రం నోరు చాలా సున్నితం.