అడ్డగాలిలో పెద్ద విమానం దింపడం: ఏం తప్పుతోంది, ఎందుకు, ఏం చేయాలి

ముందు లెక్క. కంట్రోల్ టవర్ చెప్పే గాలంతా అడ్డగాలి (రన్‌వేకి అడ్డంగా వీసే భాగం) కాదు. రన్‌వేకి 30 డిగ్రీల కోణంలో వీస్తే అందులో సగం, 45 అయితే పదింట ఏడు వంతులు, 60 దాటితే దాదాపు మొత్తం. 140 నాట్ల వేగంతో (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.) వస్తుండగా అడ్డగాలి 30 నాట్లుంటే ముక్కు సుమారు 12 డిగ్రీలు గాలివైపు తిరిగి ఉంటుంది. దీన్నే క్రాబ్ అంటారు. ఈ 12 డిగ్రీలను ఎప్పుడు, ఎలా తీసేస్తున్నారన్న దగ్గరే ఎక్కువ తప్పులు పుడతాయి.

సమస్య: గీత మీదే వచ్చాం, చక్రాలు మాత్రం పక్కన దిగాయి

పైలట్ కూర్చునేది ప్రధాన చక్రాలకు చాలా ముందు. 747 లాంటి విమానంలో ఆ దూరం 25 మీటర్ల పైమాటే. 10 డిగ్రీల క్రాబ్ ఉంటే మీ సీటుకీ చక్రాలకీ మధ్య పక్కకి 4 మీటర్లకు పైగా తేడా వస్తుంది. కాబట్టి క్రాబ్‌లో ఉన్నంతసేపూ మీ సీటు మధ్య గీతకు కాస్త గాలి వచ్చే వైపునే ఉండాలి. ముక్కు సరిచేయగానే సీటు దానంతటదే గీత మీదికొస్తుంది.

సమస్య: ముక్కు తిప్పగానే విమానం గాలితో పాటు కొట్టుకుపోతోంది

రడ్డర్ (కాలి పెడల్‌తో కదిలి, ముక్కును పక్కకి తిప్పే తోక పలక) తొందరగా వేశారు. గాలికి ఎదురు నిలబెడుతున్నది ఆ క్రాబే. అది పోయాక ఎంతసేపు గాల్లో ఉంటే అంత పక్కకి జరుగుతారు. ఫ్లేర్‌లో (నేల దగ్గర ముక్కు కాస్త ఎత్తే దశ), చక్రాలు తాకబోయే ముందు, పెడల్‌ని తన్నకుండా మెత్తగా నొక్కండి. అప్పటికే జరగడం మొదలైతే గాలి వచ్చే వైపు రెక్కను కొద్దిగా దించి ఆపండి.

వేగం ఎక్కువై నేలకు కాస్త పైన తేలిపోతున్నా ఇదే జరుగుతుంది. బోయింగ్ పద్ధతిలో, ఆటోథ్రాటిల్ (ఇంజిన్ శక్తిని తానే సరిచేసే వ్యవస్థ) లేనప్పుడు, ఎదురుగాలి భాగంలో సగం, గస్ట్ (గాలి ఉన్నట్టుండి పెరిగే మేర) మొత్తం దిగే వేగానికి కలుపుతారు. కనీసం 5 నాట్లు. చాలామంది పొరపాటున అడ్డగాలి అంకెలో సగం కలిపేస్తారు. ఆ అదనపు నాట్లే తర్వాత తేలింపుగా బయటపడతాయి.

సమస్య: రడ్డర్ వేయగానే గాలి వచ్చే వైపు రెక్క లేస్తోంది

అన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. ముక్కు తిరిగేటప్పుడు ఆ రెక్క ముందుకు కదులుతుంది, దాని లిఫ్ట్ (పైకెత్తే బలం) పెరుగుతుంది. వెనక్కి వాలిన రెక్కలున్న జెట్‌లో పక్కగాలి దాన్ని ఇంకా ఎత్తుతుంది. కాలు కదిలినప్పుడే చెయ్యీ కదలాలి: గాలి కుడి నుంచి వీస్తూ ఎడమ పెడల్ వేస్తుంటే ఐలరాన్ (రెక్కను దించే, ఎత్తే పలక) కుడికి, రెక్కలు సమంగా నిలిచేంత మాత్రమే. ఎక్కువైతే రెక్క కింద వేలాడే ఇంజిన్ నేలకు తగలొచ్చు. ఎయిర్‌బస్ సైడ్‌స్టిక్‌ని (పైలట్ పక్కనుండే చిన్న కంట్రోల్ కర్ర) పక్కకి పట్టుకుని ఉంచితే విమానం ఇంకా ఇంకా ఒరుగుతూనే ఉంటుంది. చిన్నగా కదిపి వదలండి.

2008 మార్చి 1న జర్మనీలోని హాంబర్గ్‌లో గాలి కుడివైపు నుంచి వీస్తుండగా ఒక ఎయిర్‌బస్ A320 ఎడమ రెక్క కొస రన్‌వేకి తగిలింది. ఎడమ చక్రం తాకగానే కంట్రోల్ వ్యవస్థ నేల మీది పద్ధతికి మారడంతో స్టిక్ ప్రభావం తగ్గింది. ఒక చక్రం తాకి మళ్లీ లేస్తే స్టిక్‌తో పోరాడి దించాలని చూడకండి, గో-అరౌండ్ చేయండి (దిగడం మానేసి పైకి వెళ్లిపోండి).

సమస్య: దిగాక ముక్కు గాలివైపు లాగుతోంది, రివర్స్ వేస్తే ఇంకా పక్కకి పోతోంది

నిలువు తోక చక్రాలకు వెనక ఉంటుంది కాబట్టి గాలి దాన్ని నెడుతుంది, ముక్కు గాలివైపు తిరుగుతుంది. ముక్కు అలా ఉండగా రివర్స్ థ్రస్ట్ (ఇంజిన్ బలాన్ని ముందుకు మళ్లించి వేగం తగ్గించడం) వేస్తే అందులో కొంత భాగం విమానాన్ని గాలి పోయే వైపు లాగుతుంది. రన్‌వే తడిగా ఉంటే టైర్లు ఆపలేవు. వరస ఇది:

1. రివర్స్‌ని ఐడిల్‌కి (కనిష్ఠ శక్తికి) తగ్గించండి.
2. బ్రేకులు వదలండి, టైర్లకు పక్కపట్టు తిరిగి దొరుకుతుంది.
3. రడ్డర్‌తో ముక్కు సరిచేసి గీత మీదికి రండి.
4. అప్పుడు రెండూ మళ్లీ వేయండి.

ముక్కు చక్రాన్ని గాల్లో పట్టి ఉంచకండి, వెంటనే దించండి. వేగంలో టిల్లర్ (ముక్కు చక్రాన్ని తిప్పే చేతి పిడి) జోలికి పోవద్దు.

సమస్య: రడ్డర్ పూర్తిగా వేసినా ముక్కు రావట్లేదు

అంటే గాలి విమానం శక్తిని మించింది. మాన్యువల్‌లో కనిపించే ‘ప్రదర్శించిన అడ్డగాలి’ (A320కి 33 నాట్లు, గస్ట్‌తో 38) పరీక్షల్లో దింపి చూపించిన గాలి. మీ కంపెనీ పరిమితి దానికన్నా తక్కువ ఉండొచ్చు, పాటించాల్సింది దాన్నే. ఇక్కడ సరిచేయడానికి ఏమీ లేదు, పైకి వెళ్లిపోవాలి. రివర్స్ లివర్లు లాగనంతవరకూ ఆ దారి తెరిచే ఉంటుంది, లాగాక ఉండదు.