చూడలేకపోయిన కచేరీని ఇప్పుడు చూడాలంటే ఏం చేయాలి?

ఘంటసాల 1974లో పోయారు. క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ 1991లో. ఖవ్వాలీ పాడే నుస్రత్ ఫతే అలీ ఖాన్ 1997లో, అదీ 48 ఏళ్లకే. పాటంటే ప్రాణం పెట్టే వాళ్లను ఎవరినైనా అడగండి, ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని వినాల్సిందని ఏదో ఒక పేరు చెప్తారు. మా హన్మకొండలో కాలేజీ పిల్లలైతే క్వీన్ అంటారు, మైకేల్ జాక్సన్ అంటారు, వాళ్ల నాన్నలైతే ఘంటసాల, బాలు, అదే జనగామ వైపు పల్లెల్లోకి పోతే డోలు దెబ్బ మీద దేవుళ్ల కథలు పాడి చెప్పే ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య పేరు వస్తుంది. ఆ రాత్రి ఎట్లాగూ తిరిగి రాదు. కానీ కాస్త ఓపిక పడితే దానికి చాలా దగ్గరి దాకా పోవచ్చు.

ఒక్క మనిషి, ఒక్క రాత్రి

ముందు ఒక్కరినే ఎంచుకోండి, పేరుతో సరిపెట్టుకోకుండా తేదీ, ఊరు కూడా పట్టుకోండి. ఉత్తగా "క్వీన్ లైవ్" అని వెతికితే ముక్కలు ముక్కలుగా వందల వీడియోలు వచ్చి పడతాయి. "లైవ్ ఎయిడ్, వెంబ్లీ, 1985 జూలై 13" అని కొడితే వాళ్లు ఆ రోజు స్టేజీ మీదున్న ఆ ఇరవై నిమిషాలూ దొరుకుతాయి. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి అయితే 1966 అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితిలో పాడింది. నుస్రత్ అయితే 1985లో ఇంగ్లండ్‌లో జరిగిన వోమాడ్ ఉత్సవం, ఆ రికార్డింగ్ 2019లో ఆల్బమ్‌గా బయటికొచ్చింది.

స్టూడియోలో పాడింది మాత్రం వద్దు. అక్కడ బాగా రాకపోతే మళ్లీ పాడతారు, ఎదురుగా జనం ఉండరు. మనం చూడలేకపోయామని బాధపడేది ఆ జనం మధ్య జరిగినదాని గురించే కదా. అట్లాగే మూడు నిమిషాల క్లిప్పులు కూడా పక్కన పెట్టేయండి. నుస్రత్ పాడే ఖవ్వాలీ, అంటే సూఫీ భక్తి పాట సంగతే చూడండి: ఏ లైను దగ్గర జనం ఊగుతున్నారో పాడేవాడు కనిపెట్టి అక్కడే ఆగిపోతాడు, అదే లైనును తిప్పి తిప్పి పాడతాడు, వెనకవాళ్ల చప్పట్లు, తబలా మెల్లగా వేగం అందుకుంటాయి. ఆ వేడి రాజుకోవడానికే చాలాసేపు పడుతుంది. చివరి ముక్క ఒక్కటే చూస్తే అరుపులా వినిపిస్తుంది, మొదటి నుంచి కూర్చున్నవాడికే ఒళ్లు జలదరిస్తుంది.

రెండోసారి జనాన్ని వినండి

ఫోన్ స్పీకర్‌లో వినొద్దు, ఇంట్లో ఉన్న మంచి స్పీకర్ పెట్టి, లైట్లు తీసేసి, ఇద్దరు ముగ్గురు దోస్తులను పిలుచుకుని, మధ్యలో ఆపకుండా వినండి. ఒకసారి పాడేవాళ్ల కోసం. ఇంకోసారి జనం కోసం. వెంబ్లీలో ఫ్రెడ్డీ పాటేమీ లేకుండా ఉత్త గొంతుతో ఒక కూత తీస్తాడు, ఎదురుగా ఉన్న డెబ్బై వేల మంది అదే కూతను తిరిగి అతని మీదికి వదులుతారు. అతను ఇంకొంచెం మెలి తిప్పుతాడు, వాళ్లూ తిప్పుతారు. రెండోసారి వింటున్నప్పుడు చెవి అక్కడ పెట్టండి.

అక్కడ ఉన్నవాళ్లను అడగండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే, మన దగ్గర చేయడానికి వీలున్నదీ ఇదే. చుక్క సత్తయ్య 2017లో పోయారు, ఒగ్గు కథే చెప్పే వేములవాడ దగ్గరి మిద్దె రాములు 2010లో, పాటా ఆటా కలిసిన పల్లె నాటకం చిందు యక్షగానం ఆడిన నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ 2005లో. వాళ్ల ఆట చూసినవాళ్లు మన ఊళ్లల్లో ఇంకా ఉన్నారు, మీ ఇంట్లోనే ఉండొచ్చు. అయితే "ఎట్లుండె తాతా?" అని అడిగితే "మస్తుండె బిడ్డా" అని ఊరుకుంటారు. అట్లా కాకుండా చిన్న చిన్నవి అడగాలి. ఎక్కడ కూర్చున్నవు? కరెంటు బల్బా, పెట్రోమాక్స్ లైటా? మైకుండెనా? డోలు కొట్టేవాళ్లు ఎంతమంది? వంత పాడింది ఎవరు? ఎల్లమ్మ తల్లి కథ ఎక్కడికి వచ్చేసరికి ఆడోళ్లు కొంగు కళ్లకద్దుకున్నరు? తెల్లారేదాకా ఉన్నవా, నడుమనే లేచి వచ్చినవా? ఇట్లా అడిగితే మనిషి మెల్లగా ఆ రాత్రిలోకి పోతాడు, కొంతమంది ఆ వరస పట్టి పాడి వినిపిస్తారు కూడా. అప్పుడు మధ్యలో మాట్లాడకండి.

ఆ తర్వాత ఆ వీడియో దొరికితే చూడండి. ముందు చూసినప్పుడు కనపడనివి ఇప్పుడు కనపడతాయి.

ఇంకా ఉన్నవాళ్ల దగ్గరికి పొండి

ఇది చెప్పడానికే నిజానికి ఇదంతా రాస్తున్నా. 2024 ఒక్క ఏడాదిలోనే మన వైపు ముగ్గురు పోయారు. జూన్‌లో సకిని రామచంద్రయ్య, డోలు మీద సమ్మక్క సారలమ్మ కథ చెప్పిన కోయ కళాకారుడు. అక్టోబర్‌లో మర్లవాయి కనకరాజు, గోండుల గుస్సాడీ ఆటకు పద్మశ్రీ తెచ్చిన మనిషి. డిసెంబర్‌లో మొగిలయ్య. 2023లో "బలగం" సినిమా చివర్లో ఆయన, భార్య కొమురమ్మ కలిసి పాడిన పాటకు రాష్ట్రమంతా ఏడ్చింది. ఆయనది నర్సంపేట దగ్గరి దుగ్గొండి. వరంగల్‌లో ఉన్న మనలో ఎంతమందిమి సినిమా రాకముందు ఆయన కథ విన్నాం? ఎక్కడో ముంబైలో 1996లో మైకేల్ జాక్సన్ చేసిన కచేరీ తప్పిపోయిందంటే అర్థం ఉంది, దుగ్గొండికి బస్సుంది.

అందుకే ఏటా సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతర నడుస్తుంది కదా, పొండి. సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారం పట్నంవారం, హైదరాబాద్ జనం విరగబడి వస్తారు, నిలబడి వినే జాగా ఉండదు, ఇంకో వారం చూసుకోండి. మొక్కున్న కుటుంబాలు రంగుల పొడులతో పట్నం, అంటే దేవుడి ముగ్గు వేయించుకుంటుంటే ఒగ్గు పూజారులు మల్లన్న కథ ఎత్తుకుంటారు, పక్కన కూర్చుని వినొచ్చు. ఐనవోలు జాతర అయితే సరిగ్గా సంక్రాంతికే, వరంగల్ వాళ్లకు ఇంకా దగ్గర. చిందు యక్షగానం కావాలంటే జనగామ జిల్లా వైపు వాకబు చేయండి, ఆ జిల్లా గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది.

రికార్డు చేసేటప్పుడు

అడిగి చేయండి. అది వాళ్ల బతుకుదెరువు, పైగా దేవుడి ముందు పని, ఫోన్ మొహం మీద పెడితే ఎవరికైనా ఇబ్బందే. అందరూ కట్నం చదివించేటప్పుడు మీరూ చదివించండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే కథ మంచి ఘట్టంలో ఉండగా ఏదో లోన్ కంపెనీ కాల్ వస్తుంది. డోలుకు ఎదురుగా మాత్రం కూర్చోకండి, ఆ దెబ్బకు మైకు పగిలినట్టయి మాట ఒక్కటీ వినపడదు, కథ చెప్పేవాళ్ల వైపు కాస్త దూరంగా ఉంటే గొంతూ డోలూ రెండూ సరిగ్గా పడతాయి. జనం వైపు కూడా కాసేపు తిప్పండి. అయిపోయాక వెంటనే తేదీ, ఊరు, బృందంలో ప్రతి ఒక్కరి పేరు, ఏ కథ అన్నది మీ నోటితోనే చివర్లో చెప్పి ఆపండి, ఫైలు పేరు మారినా అది పోదు.

ఇంటికొచ్చాక ఒక కాపీ ఆ బృందానికి పంపండి. పాత రికార్డింగుల గురించి, కళారూపాల గురించి ఇంకా తెలుసుకోవాలనిపిస్తే వరంగల్‌లోనే తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, వెళ్లి అడగండి.