ప్రాజెక్టు కదలట్లేదా? టీమ్‌లో ఎవరు లేరో చూడండి

వ్యాపారానికి సాఫ్ట్‌వేర్ చేయించుకుంటున్నప్పుడు ప్రాజెక్టు గాడి తప్పిందంటే అందరూ ముందు వేలు చూపించేది డెవలపర్ల వైపే. కోడ్ సరిగ్గా రాయలేదంటారు, టెక్నాలజీ తప్పు ఎంచుకున్నారంటారు, వాళ్ళకి సీరియస్‌నెస్ లేదంటారు. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కానీ బిల్లింగ్, స్టాక్, జీతాలు, ఆర్డర్లు లాంటి బిజినెస్ సాఫ్ట్‌వేర్‌లో నేను ఎక్కువగా చూసేది వేరే జబ్బు. జరగాల్సిన ఏదో ఒక పని టీమ్‌లో ఎవరి చేతిలోనూ ఉండదు, ఆ లోటు ఇంకెక్కడో ఇంకో రూపంలో బయటపడుతుంది, మనం అది బయటపడిన చోటే మందు రాస్తూ కూర్చుంటాం. అందుకే ఇక్కడ లక్షణం నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్దాం. మీ ప్రాజెక్టులో ఏది కనిపిస్తుంటే అది చదవండి. మొదటి రెండు మాత్రం అందరూ చదవండి, మిగతా వాటిలో చాలా వరకు ఆ రెండింటి నుంచే పుడతాయి.

"మేం అడిగింది ఇది కాదు"

లక్షణం: డెమోలో స్క్రీన్లు చక్కగా ఉంటాయి, బటన్లు పనిచేస్తాయి, మేనేజర్లు తల ఊపుతారు. తీరా అకౌంట్స్‌లో రోజూ బిల్లులు కొట్టే ఆవిడ వచ్చి రెండు నిమిషాలు చూసి "ఇందులో మా పని అవ్వదండీ" అంటుంది.

కారణం: పని చేసే మనిషి టీమ్‌లో లేదు. డెవలపర్లకు అందింది ఆ పని మానేసి ఏళ్ళయిన మేనేజర్ రాసిచ్చిన డాక్యుమెంట్. ఉదాహరణకి అందులో ఒక లైన్ ఉంటుంది: "కస్టమర్ సరుకు వాపసు పంపితే క్రెడిట్ నోట్ రావాలి." (క్రెడిట్ నోట్ అంటే ఆ సొమ్ము కస్టమర్ ఖాతాలో వెనక్కి వేశామని ఇచ్చే పత్రం.) డెవలపర్ ఏం చేస్తాడు, బిల్లు ఎంచుకుని రిటర్న్ నొక్కితే మొత్తం సొమ్ము వెనక్కి వెళ్ళేలా రాస్తాడు. రాసిచ్చినదాని ప్రకారం అది కరెక్టే. కానీ నిజంగా జరిగేది చూడండి. బిల్లులో పది ఐటమ్స్ ఉంటే మూడే వెనక్కి వచ్చాయి. ఆ బిల్లు మొత్తం మీద డిస్కౌంట్ ఇచ్చారు, అందులో ఈ మూడింటి వాటా ఎంత? ఆ నెల పన్ను లెక్కలు ఇప్పటికే పంపేశారు, మరి ఇది ఏ నెలలో చూపించాలి? కస్టమర్ సగం డబ్బు కట్టాడు, తిరిగి ఇవ్వాలా, తర్వాతి బిల్లులో సర్దాలా? వచ్చిన మూడింట్లో ఒకటి పాడైంది, దాన్ని అమ్మకపు స్టాక్‌లో కలపకూడదు. ఇవన్నీ ఆవిడ రోజూ ఆలోచించకుండానే చేసేస్తుంది. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు, అడగాలని డెవలపర్‌కి తెలియదు.

ఏం చేయాలి: ఆ పని చేసే మనిషిని టీమ్‌లోకి తీసుకోండి, పేరుకి కాదు, టైమ్‌తో సహా. "నీ పనితో పాటు ఇది కూడా కాస్త చూసుకో" అంటే నెలాఖరు రాగానే ఆమె మళ్ళీ కనిపించదు, తప్పు ఆమెది కాదు. ఆమె పనిలో కొంత భాగం అధికారికంగా వేరే వాళ్ళకి అప్పగించి, ఆ ఖాళీ అయిన గంటలు ప్రాజెక్టుకి కేటాయించాలి. ఆమె మాటని డెవలపర్లకు అర్థమయ్యేలా చేర్చడానికి ఒక బిజినెస్ అనలిస్ట్ కావాలి. చిన్న ప్రాజెక్టు అయితే ఆ పని టెక్ లీడే, అంటే డెవలపర్లకి టెక్నికల్‌గా దారి చూపేవాడే, చేయొచ్చు, కానీ ఎవరో ఒకరు చేసి తీరాలి. అనలిస్ట్‌ని ఎంచుకునేటప్పుడు సర్టిఫికెట్ల కంటే నాకు పనికొచ్చే పరీక్ష ఒకటుంది. ఇంటర్వ్యూలో పైన చెప్పిన క్రెడిట్ నోట్ లైన్ ఒక్కటి చెప్పి ఊరుకోండి. వెంటనే స్క్రీన్ బొమ్మ గీయడం మొదలుపెట్టాడా, లేక "కొంతే వాపసు వస్తే ఏం చేస్తారు?" అని అడిగాడా చూడండి. రెండో రకం మనిషి కావాలి మనకి.

ఇంకోటి. కోడ్ మొదలుపెట్టకముందే పాత ఫైల్లోంచి బాగా చిక్కుగా ఉన్న పది బిల్లులు తీసి, ఒక్కో దానికీ కొత్త సిస్టమ్‌లో ఏ అంకె రావాలో ఆవిడ చేతే రాయించండి. తర్వాత టెస్టింగ్‌కి ఇంతకంటే మంచి సరుకు దొరకదు.

చిన్న ప్రశ్నకి కూడా జవాబు రాదు

డెవలపర్ అడుగుతాడు: "క్రెడిట్ లిమిట్ దాటిన కస్టమర్‌కి ఆర్డర్ ఆపేయాలా, వార్నింగ్ ఇచ్చి వదిలేయాలా?" సేల్స్ వాళ్ళు వదిలేయమంటారు, ఫైనాన్స్ వాళ్ళు ఆపమంటారు, మీటింగ్ పెడతారు, ఒకాయన ఊళ్ళో లేరని వాయిదా పడుతుంది. ఈలోగా డెవలపర్ తనకి తోచింది ఒకటి ఊహించి రాసేస్తాడు, మూడు వారాల తర్వాత అది తీసేయాల్సి వస్తుంది. బయటి నుంచి చూస్తే ఇది డెవలపర్లు నెమ్మదిగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది.

కారణం ఒక్కటే, నిర్ణయం తీసుకునే మనిషి ఒకరంటూ లేకపోవడం. చాలా సాఫ్ట్‌వేర్ టీమ్‌లు వాడే స్క్రమ్ అనే పని పద్ధతి నియమాల పుస్తకం స్క్రమ్ గైడ్‌లో ఈ విషయం సూటిగా రాశారు: ప్రొడక్ట్ ఓనర్ (ఏది చేయాలో, ఏది ముందో తేల్చే మనిషి) అంటే ఒక వ్యక్తి, కమిటీ కాదు. స్క్రమ్ వాడినా వాడకపోయినా ఈ ఒక్క నియమం పాటించండి. ఆ వ్యక్తికి వ్యాపారం తెలియాలి, రోజూ దొరకాలి, ఆయన "సరే" అన్నదాన్ని పైవాళ్ళు మర్నాడు తిప్పేయకూడదు. మూడోదే కష్టం. పెద్ద హోదా ఉండి టైమ్ లేని డైరెక్టర్ కంటే, డైరెక్టర్ నమ్మి అధికారం ఇచ్చిన మధ్య స్థాయి మనిషి ఈ పనికి నూరు పాళ్ళు మేలు.

ఇదే మీ సమస్యా కాదా అని అనుమానం ఉంటే ఒక షీట్ పెట్టండి. ప్రశ్న అడిగిన తేదీ, జవాబు వచ్చిన తేదీ, అంతే. కొన్ని వారాలు నింపితే ఆలస్యం ఎక్కడుందో ఆ షీటే చెప్తుంది, ఎవరితోనూ వాదించక్కర్లేదు.

లేట్ అయింది, మనుషుల్ని పెంచాం, ఇంకా లేట్ అయింది

ఐబీఎంలో ఓఎస్ 360 అనే భారీ ప్రాజెక్టు నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందని. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. అయిదుగురున్న టీమ్‌లో ఇద్దరిద్దరుగా మాట్లాడుకునే దారులు 10. పది మంది అయితే 45. పదిహేను మంది అయితే 105. మనుషులు మూడు రెట్లు, మాటలు పది రెట్ల పైన. పైగా కొత్తగా వచ్చినవాళ్ళకి కేటీ ఇవ్వాల్సింది, అంటే ప్రాజెక్టు గురించి నేర్పాల్సింది ఎవరు? డెడ్‌లైన్ టెన్షన్‌లో పరిగెడుతున్న ఆ పాతవాళ్ళే. అంటే మొదటి కొన్ని వారాలు పని చేసే చేతులు తగ్గుతాయి.

ఏం చేయాలంటే, ముందు పని తగ్గించండి. మొదటి రిలీజ్‌లో ఏది లేకపోయినా వ్యాపారం నడుస్తుందో ప్రొడక్ట్ ఓనర్‌తో కూర్చుని గీత గీయండి. నలభై రిపోర్టులు అడిగి ఉంటారు, రోజూ తెరిచేవి ఎన్నో అడగండి. అప్పటికీ మనుషులు కావాలంటే, విడిగా చేయగల పనికి మాత్రమే తీసుకోండి: పాత డేటా శుభ్రం చేయడం, టెస్టింగ్, రిపోర్టులు, యూజర్ ట్రైనింగ్. బిల్లింగ్ లెక్కలు రాసే మధ్య భాగంలోకి ఆఖరి నెలలో కొత్తవాళ్ళని పంపకండి. అసలు ఒక టీమ్ పది మందిలోపే ఉంటే మంచిది. దాటితే రెండుగా విడగొట్టండి, కానీ ఎలా విడగొట్టాలనేదే అసలు విషయం, అది కింద చెప్తాను.

ఎవరిది వాళ్ళకి బానే ఉంది, కలిపితే పనిచేయదు

మొబైల్ యాప్ ఒక వెండర్, వెనకాల సర్వర్ ఇంకో వెండర్, అకౌంటింగ్ ప్యాకేజీ మరొకరు. ఎవరికి వారే యమునా తీరే. ఆర్డర్ పెడితే స్టాక్ తగ్గదు, అడిగితే యాప్ వాళ్ళు "మేం డేటా పంపాం" అంటారు, సర్వర్ వాళ్ళు "మాకు రాలేదు" అంటారు, ఇద్దరి దగ్గరా రుజువుగా లాగ్స్ (ఏం జరిగిందో సిస్టమ్ తనే రాసుకునే రికార్డు) ఉంటాయి.

1968లో మెల్విన్ కాన్వే అనే ఆయన ఒక వ్యాసంలో, ఏ సంస్థ తయారు చేసే సిస్టమ్ అయినా ఆ సంస్థలో మనుషులు మాట్లాడుకునే తీరులాగే తయారవుతుందని అన్నాడు. మాట్లాడుకోని రెండు టీమ్‌ల మధ్య సాఫ్ట్‌వేర్‌లోనూ అతుకు ఊడుతుంది. దీనికి పెద్ద ఉదాహరణ అమెరికా ప్రభుత్వం 2013 అక్టోబర్ 1న తెరిచిన హెల్త్‌కేర్ డాట్ గవ్, జనం ఆరోగ్య బీమా కొనుక్కునే వెబ్‌సైట్. యాభైకి పైగా కాంట్రాక్టు సంస్థలు పనిచేశాయి, తెరిచిన మొదటి రోజు చివరి దాకా వెళ్ళి ఇన్సూరెన్స్‌లో చేరగలిగింది ఆరుగురు. తర్వాత జరిగిన ప్రభుత్వ సమీక్షలో ప్రధానంగా తేలిన లోపాల్లో ఒకటి, స్పష్టమైన నాయకత్వం లేకపోవడం. అన్నిటినీ కలిపే బాధ్యతని ఆ అక్టోబర్ నెలాఖరుకే ఒకే సంస్థకి అప్పగించి, బయటి నుంచి అనుభవమున్న ఇంజనీర్లని తెచ్చి బాగుచేశారు.

మీ స్థాయిలో మందు అదే. అన్ని ముక్కలూ కలిసి పనిచేయడం "నా పని" అనే టెక్ లీడ్ లేదా ఆర్కిటెక్ట్ ఒకరు, వీలైతే మీ జీతం మీదే ఉండాలి. వెండర్ మనిషిని ఆ స్థానంలో పెడితే గొడవ వచ్చినప్పుడు ఆయన ఎవరి పక్షాన నిలబడాలి? టీమ్‌ని విడగొట్టేటప్పుడు కూడా డేటాబేస్ వాళ్ళు ఒకవైపు, స్క్రీన్ల వాళ్ళు ఒకవైపు అని అడ్డంగా కోయకండి. ఆర్డర్లు మొత్తం ఒక టీమ్, స్టాక్ మొత్తం ఒక టీమ్, ఇలా నిలువుగా విడదీస్తే ప్రతి టీమ్ తన పనిని మొదటి నుంచి చివరి దాకా తానే నడిపి చూపించగలదు. రెండు టీమ్‌ల మధ్య ఏ డేటా ఏ రూపంలో వెళ్తుందో ముందే రాసుకుని, ఉత్తుత్తి డేటాతో అయినా సరే రెండో వారంలోనే కలిపి చూడండి. ఆఖర్లో కలుపుదాం అనుకుంటే ఆఖర్లోనే పేలుతుంది.

అంతా ఒక్కడికే తెలుసు

అతను సెలవు పెడితే రిలీజ్ ఆగిపోతుంది. అతను చాలా మంచివాడు, రాత్రీ పగలూ పనిచేస్తాడు, అందుకే ఈ సమస్యని ఎవరూ సమస్య అనుకోరు, నోటీస్ పీరియడ్ మొదలయ్యే దాకా.

ముందు తాళాలు చూడండి. క్లౌడ్ అకౌంట్, డొమైన్ పేరు, కోడ్ ఉన్న రిపాజిటరీ, యాప్ స్టోర్ అకౌంట్, ఇవన్నీ కంపెనీ పేరు మీద, కంపెనీ ఈమెయిల్‌తో ఉన్నాయా? ఎవరి పర్సనల్ మెయిల్ మీదైనా ఉంటే ఈ వారమే మార్పించండి, మంచి సంబంధాలున్నప్పుడే ఈ పని సులువు. తర్వాత ప్రతి కోడ్ మార్పునీ రెండో డెవలపర్ చదివి ఓకే చేశాకే కలపాలన్న నియమం పెట్టండి. ఆపైన అతనికి నిజంగా ఒక వారం సెలవిచ్చి, ఫోన్ చేయకుండా మిగతావాళ్ళ చేత ఒక చిన్న రిలీజ్ చేయించండి. ఎక్కడ ఆగితే అక్కడ డాక్యుమెంట్ రాయించాలి. అతనికి కూడా ఇది మేలే, నిద్ర పట్టని మనిషి ఎంతకాలం ఉంటాడు?

ఒకటి బాగుచేస్తే ఇంకోటి పాడవుతోంది

టెస్టర్ లేడు, లేదా ఆఖరి వారంలో వచ్చాడు. రాసినవాడే పరీక్షిస్తే తను ఊహించిన దారిలోనే నడిచి చూస్తాడు. టెస్టర్‌ని రిక్వైర్‌మెంట్స్ మాట్లాడుకునేటప్పుడే కూర్చోబెట్టండి, సగం ప్రశ్నలు అక్కడే వస్తాయి. డబ్బు లెక్కలున్న ప్రతిచోటా, పన్ను, డిస్కౌంట్, రౌండింగ్, జీతం కోతలు, ఆటోమేటెడ్ టెస్టులు (ప్రతి మార్పు తర్వాతా కంప్యూటరే నడిపి చూసే పరీక్షలు) తప్పనిసరి. మిగతా స్క్రీన్లకి చేత్తో చూసినా నడుస్తుంది.

మాట్లాడినవాళ్ళు వేరు, పనికి వచ్చినవాళ్ళు వేరు

వెండర్ సేల్స్ మీటింగ్‌కి తెచ్చిన సీనియర్లు సంతకం అయ్యాక కనిపించరు. టెక్ లీడ్, అనలిస్ట్ పేర్లు కాంట్రాక్టులోనే రాయించండి, మార్చాలంటే మీ అనుమతి, అప్పగింతకి కొంత గడువు ఉండాలని కూడా. దానికంటే మంచిది, పెద్ద ఒప్పందానికి ముందు డబ్బులిచ్చి ఒక చిన్న నిజమైన పని చేయించుకోవడం. ఎవరు వచ్చారో, ఎలా ప్రశ్నలు అడిగారో, చెప్పిన రోజుకి ఇచ్చారో లేదో అప్పుడే తెలిసిపోతుంది.

లైవ్‌కి వెళ్ళాక కూడా ఎక్సెల్‌లోనే పని చేస్తున్నారు

ఇక్కడ సాధారణంగా ఇద్దరు లేరు. ఒకరు పాత డేటా బాధ్యత తీసుకునేవాళ్ళు. ఒకే కస్టమర్ మూడు స్పెల్లింగ్‌లతో మూడుసార్లు ఉంటాడు, బాకీ మూడు చోట్ల విడిపోయి కనిపిస్తుంది, అలాంటి సిస్టమ్‌ని మొదటి రోజు చూసినవాళ్ళు రెండో రోజు నమ్మరు. ఏది అసలు, ఏది నకలు అని తేల్చగలిగేది వ్యాపారం వైపు మనిషే, డెవలపర్ కాదు, అది మొదటి నెల నుంచే మొదలవ్వాలి. రెండో వ్యక్తి యూజర్ల పక్కన కూర్చుని నేర్పించేవాళ్ళు. ప్రతి విభాగంలో తోటివాళ్ళు సందేహం వస్తే మామూలుగానే వెళ్ళి అడిగే మనిషి ఒకరుంటారు, వాళ్ళని ముందే టెస్టింగ్‌లోకి లాగి నేర్పిస్తే మిగతావాళ్ళకి వాళ్ళే నేర్పుతారు.

లైవ్ అయిన రోజే డెవలపర్లని వేరే ప్రాజెక్టుకి పంపేయకండి. రెండు నెలాఖరు క్లోజింగులు (నెల లెక్కలు ముగించడం) అయ్యేదాకా అసలు రాసినవాళ్ళలో కొందరైనా ఉండాలని ముందే బడ్జెట్‌లో పెట్టుకోండి. మొదటి నెలాఖరులో తప్పులు బయటపడతాయి, వాటిని దిద్దింది సరిగ్గా కుదిరిందో లేదో తేలేది రెండో నెలాఖరులో.