నాస్ బాక్సు పాడైతే అందులోని డేటా బయటికి తీయడం ఎలా?

ఇంట్లో పిల్లల చిన్నప్పటి ఫొటోలు, స్టూడియోలో పెళ్లి వీడియోలు, సీఏ ఆఫీసులో టాలీ డేటా అన్నీ ఒక్కచోట పెట్టుకుని నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే డబ్బాయే నాస్. ఏళ్ల తరబడి ఓ మూలన కూర్చుని పనిచేస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఓ రోజు కరెంటు పోయి వచ్చాక చూస్తే నీలం లైటు ఆగకుండా మిణుకుమిణుకుమంటూ ఉంటుంది, ఫోల్డర్లు మాత్రం కనిపించవు.

డేటా ఉన్నది డిస్కుల్లో, డబ్బాలో కాదు. సైనాలజీ, క్యూనాప్, బఫెలో లాంటి చిన్న నాస్‌లలో నడిచేది లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమే. డిస్కులను జతకట్టే రెయిడ్ కూడా చాలావరకు లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడే. ఏ డిస్కు ఎన్నోదో, ఏ పద్ధతిలో జతకట్టారో ఆ వివరమంతా డిస్కుల మీదే రాసి ఉంటుంది. మదర్‌బోర్డు కాలిపోయినా ఆ రాత చెదరదు. దాన్ని చెరిపేది ఎక్కువగా ఆ తర్వాత కంగారులో మనం నొక్కే బటన్లే. ఇక్కడ సైనాలజీ బాక్సును ఉదాహరణగా తీసుకుంటున్నాను. మిగతావాటితో తేడా ఉన్నచోట చెబుతాను.

ముందు చేయకూడని పనులు

బాక్సును పదేపదే ఆన్ చేసి ఆఫ్ చేయొద్దు. డిస్కు నీరసంగా ఉంటే ప్రతి స్టార్టూ దానికి ఒక దెబ్బే. వెనకున్న రీసెట్ రంధ్రం జోలికి వెళ్లొద్దు. ఇనిషియలైజ్, ఫార్మాట్, రిపేర్, కొత్త స్టోరేజ్ పూల్ లాంటి మాటలు తెరమీద కనిపిస్తే నొక్కకుండా వదిలేయండి.

డిస్కును తీసి విండోస్ కంప్యూటర్‌కు తగిలించగానే ‘దీన్ని వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని అడుగుతుంది. లైనక్స్ ఫైల్ సిస్టమ్‌ను (ఫైళ్లను డిస్కు మీద అమర్చే పద్ధతిని) విండోస్ చదవలేదు కాబట్టి డిస్కు ఖాళీ అనుకుంటుంది, అంతే. క్యాన్సిల్ కొట్టండి. ‘సరే చూద్దాం’ అని ఓకే కొట్టారంటే అసలుకే ఎసరు.

చెడింది డబ్బానా, డిస్కా?

అన్నిటికంటే చవకైన అనుమానంతో మొదలుపెట్టండి: అడాప్టర్. రెండు డిస్కుల బాక్సులకు ఎక్కువగా 12 వోల్టుల బయటి అడాప్టరే వస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే 12 చూపించినంత మాత్రాన అది బాగున్నట్టు కాదు. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక్కోటి దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. పాతబడిన అడాప్టర్ ఆ బరువుకు కుంగిపోతుంది. డిస్కులు తిరిగినట్టే తిరిగి బాక్సు మళ్లీ మొదటి నుంచి స్టార్ట్ అవుతుంటే అనుమానించాల్సింది దాన్నే. అదే వోల్టేజీ, అంతే లేదా ఎక్కువ ఆంపియర్లు, అదే పిన్ను, అదే పోలారిటీ ఉన్న ఇంకో అడాప్టర్‌తో చూడండి. చాలామంది కథ ఇక్కడే సుఖాంతమవుతుంది.

అడాప్టర్ కాకపోతే డిస్కులన్నీ తీసేసి (తీసేముందు కింద చెప్పినట్టు నంబర్లు వేసి) ఖాళీ బాక్సు ఆన్ చేయండి. అప్పుడూ నీలం లైటు అలాగే కొట్టుకుంటుంటే బోర్డు పోయినట్టే. డిస్కులు లేకుండా బీప్‌మని మామూలుగా లేస్తే తప్పు ఏదో ఒక డిస్కుది కావచ్చు.

బోర్డు పోవడం అరుదేమీ కాదు. ఇంటెల్ ఆటమ్ సీ2000 వరుస ప్రాసెసర్లలో క్లాక్ సిగ్నల్ కొన్నేళ్లకు ఆగిపోయే లోపం ఉందని 2017లో బయటపడింది. సైనాలజీ డీఎస్415 ప్లస్, డీఎస్1515 ప్లస్, డీఎస్1815 ప్లస్‌లలో ఉన్నది ఆ చిప్పే. నిన్నటిదాకా పనిచేసిన బాక్సు ఒకసారి ఆపి ఆన్ చేస్తే ఇక లేవదు. డిస్కులు మాత్రం నిక్షేపంలా ఉంటాయి. బోర్డు మీద చిన్న రెసిస్టర్ అతికించి వీటిని లేపే రిపేరు పనివాళ్లు ఉన్నారు. డేటా తీసుకోవడానికి ఆ ప్రాణం చాలు, ఆ తర్వాత దాన్ని నమ్ముకోవద్దు.

నంబర్లు వేసి తీయండి

ప్రతి డిస్కు మీద పేపర్ టేపు అంటించి, ఏ గూటిలో ఉందో మార్కర్‌తో రాయండి. సీరియల్ నంబర్‌తో సహా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. లైనక్స్ రెయిడ్‌కు వరస తారుమారైనా తెలుస్తుంది గానీ, రేపు డేటా రికవరీ ల్యాబుకు ఇవ్వాల్సి వస్తే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే.

ఈలోగా మీ రెయిడ్ ఏ రకమో గుర్తుచేసుకోండి. రెండు డిస్కుల రెయిడ్ 1 అయితే రెండింట్లోనూ పూర్తి కాపీ ఉంటుంది. ఒకదానితో పని మొదలుపెట్టి రెండోదాన్ని బీరువాలో పెట్టేయండి. రెయిడ్ 5లో ఒక డిస్కు లేకపోయినా నడుస్తుంది. రెయిడ్ 0లో అన్నీ ఉండాల్సిందే. ఒక్క మెలిక ఉంది. నెలల క్రితమే ఒక డిస్కు జట్టులోంచి జారిపోయి, ఎవరూ గమనించకుండా బాక్సు మిగతావాటితో నడుస్తూ ఉండొచ్చు. ఆ జారిపోయిన డిస్కును నమ్ముకుంటే మీకు దొరికేది నెలల నాటి పాత డేటా.

డిస్కుల పరిస్థితి చూసి నకలు తీయండి

ఇప్పుడు ఒక డెస్క్‌టాప్ కావాలి. మదర్‌బోర్డు మీది సాటా పోర్టులకు తగిలిస్తే అన్నిటికంటే మేలు. లేదంటే సొంత కరెంటు ఉన్న యూఎస్‌బీ 3 డాక్ తెచ్చుకోండి. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో సులువుగా దొరుకుతుంది. ల్యాప్‌టాప్ డిస్కులకు వాడే సన్న కేబుల్ పనికిరాదు, 3.5 అంగుళాల డిస్కుకు కావాల్సిన 12 వోల్టులు అది ఇవ్వలేదు. పాత డాకులు 2 టీబీ దాటిన డిస్కులను సరిగ్గా గుర్తించవు, అదీ చూసుకోండి.

పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటును (ఉచితంగా దొరికే లైనక్స్) ‘ట్రై’ పద్ధతిలో లేపండి, ఇన్‌స్టాల్ చేయొద్దు. ముందుగా స్మార్ట్ రిపోర్టు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క, చూడండి. రీఎలొకేటెడ్ (పాడై వేరేచోటికి మార్చిన) సెక్టార్లు, పెండింగ్ (చదవలేక అనుమానంలో పెట్టిన) సెక్టార్లు సున్నా అయితే డిస్కు దాదాపుగా క్షేమం. పెండింగ్ దగ్గర అంకెలు కనిపిస్తే ఆ డిస్కుతో నేరుగా పనిచేయొద్దు, ముందు దాని నకలు తీయండి. సీఆర్‌సీ ఎర్రర్లు ఒక్కటే ఎక్కువగా ఉంటే తప్పు కేబుల్‌దో, కనెక్టర్‌దో అయి ఉంటుంది.

నకలుకు డీడీరెస్క్యూ వాడండి. ఉబుంటులో ఇది జీడీడీరెస్క్యూ అనే ప్యాకేజీగా ఉంటుంది. మామూలు కాపీ ప్రోగ్రాములు పాడైన సెక్టార్ దగ్గర మొండికేసి డిస్కును ఇంకా అరగదీస్తాయి. ఇది ముందు తేలిగ్గా వచ్చేదంతా తీసుకుని, పాడైన చోట్లను చివరికి అట్టేపెడుతుంది. కమాండ్‌లో మూడో పేరుగా మ్యాప్ ఫైలు తప్పక ఇవ్వండి, దాన్ని ఇంకో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. మధ్యలో కరెంటు పోయినా ఆగినచోటి నుంచే మొదలవుతుంది. ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్న రెండు పేర్లను సీరియల్ నంబర్లతో సరిపోల్చాకే ఎంటర్ కొట్టండి. అవి తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ డేటా మీద పడుతుంది.

టైమ్ పడుతుంది. 4 టీబీ డిస్కుకు సెకనుకు 150 ఎంబీ వేగంతో ఏడున్నర గంటలు. యూఎస్‌బీ 2 పోర్టుకు తగిలిస్తే ఒక రోజు దాటిపోతుంది.

అదే కంపెనీ బాక్సు దొరికితే

ఇది అన్నిటికంటే సులువైన దారి. సైనాలజీ డిస్కులను అదే వరసలో ఇంకో సైనాలజీ బాక్సులో పెడితే, కొత్త బాక్సు వాటిని ‘మైగ్రేటబుల్’ అని చూపిస్తుంది. డేటా, సెట్టింగులు అట్టేపెట్టే మైగ్రేషన్‌ను ఎంచుకోవాలి. పక్కనే ఉండే క్లీన్ ఇన్‌స్టాల్ జోలికి పోకూడదు. పాతది బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఉంటే కొత్త మోడల్ కూడా దాన్ని సపోర్ట్ చేసేదై ఉండాలి. చవక మోడళ్లలో కొన్ని చేయవు. సెకండ్ హ్యాండ్ బాక్సు కొనేముందు ఈ ఒక్క మాట చూసుకోండి.

క్యూనాప్ వాళ్లకైతే ఈ దారే గట్టిగా చెబుతాను. డిస్కుల స్థలాన్ని కలిపి పంచే ఎల్‌వీఎం అనే లైనక్స్ పద్ధతిని వాళ్లు తమకు తగ్గట్టు మార్చుకున్నారు. ఆ పూల్‌ను మామూలు ఉబుంటు చాలాసార్లు గుర్తుపట్టదు.

బాక్సు దొరక్కపోతే ఉబుంటులోనే

డిస్కులను, లేదా వాటి నకళ్లను, ఒకేసారి కంప్యూటర్‌కు తగిలించండి. ఎండీఏడీఎం (రెయిడ్‌ను జతకట్టే ప్రోగ్రాము), ఎల్‌వీఎం2 ప్యాకేజీలు వేసుకోండి. ప్రతి డిస్కు మీద మొదటి రెండు చిన్న పార్టిషన్లు సిస్టమ్‌వి, పెద్దది డేటాది. ఆ పెద్ద పార్టిషన్‌ను ఎండీఏడీఎంలోని ఎగ్జామిన్ ఆప్షన్‌తో చూస్తే రెయిడ్ రకం, డిస్కు స్థానం, ‘ఈవెంట్స్’ అనే అంకె కనిపిస్తాయి. అన్ని డిస్కుల ఈవెంట్స్ అంకె ఒకేలా ఉండాలి. ఒకదానిది బాగా వెనకబడి ఉంటే ఇందాక చెప్పిన జారిపోయిన డిస్కు అదే. దాన్ని పక్కన పెట్టండి.

తర్వాత అసెంబుల్, స్కాన్, రీడ్‌ఓన్లీ ఆప్షన్లతో జతకట్టమని చెప్పండి. ఒక డిస్కు తక్కువైతే రన్ కూడా కలపండి. ఫలితం ఎండీస్టాట్ ఫైల్లో కనిపిస్తుంది. బ్రాకెట్ల మధ్య ఉన్న ఒక్కో డిస్కుకు ఒక్కో ‘యూ’ అక్షరం, లేనిదాని చోట అండర్‌స్కోర్ గీత. నాలుగు డిస్కుల రెయిడ్ 5లో మూడు యూలు, ఒక గీత వచ్చినా డేటా మొత్తం అందుబాటులో ఉన్నట్టే. జతకట్టడం కుదరకపోతే ‘క్రియేట్’తో మళ్లీ కట్టేద్దామన్న సలహా ఎవరో ఒకరు ఇస్తారు. అది పాత రాతను చెరిపి కొత్తది రాస్తుంది. నకళ్ల మీద తప్ప అసలు డిస్కుల మీద ఆ పని చేయకండి.

సైనాలజీ హైబ్రిడ్ రెయిడ్‌లో వేర్వేరు సైజుల డిస్కులుంటే రెయిడ్ ముక్కలు రెండు మూడు ఉంటాయి, వాటిని ఎల్‌వీఎం కలుపుతుంది. అందుకని వీజీఛేంజ్ కమాండ్‌తో దాన్ని మేల్కొలపాలి. అప్పుడు వీజీ1000 గానీ వీజీ1 గానీ అనే పేరుతో మీ వాల్యూమ్ కనిపిస్తుంది.

మౌంట్ చేసేటప్పుడు, అంటే వాల్యూమ్‌ను ఫైళ్లు కనిపించేలా తెరిచేటప్పుడు, రీడ్ ఓన్లీగానే (చదవడానికి మాత్రమే) చేయండి. ఈఎక్స్‌టీ4 అయితే నోలోడ్ కూడా చేర్చండి. లేకపోతే రీడ్ ఓన్లీ అన్నా సరే, జర్నల్‌లో (రాయాల్సిన మార్పుల చిట్టాలో) మిగిలిన పనిని పూర్తిచేయడానికి డిస్కు మీద రాసేస్తుంది. బఫెలో బాక్సుల్లో ఎక్కువగా ఉండే ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఇదే పని చేసే ఆప్షన్ నోరికవరీ. సైనాలజీ బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ను కొత్త కెర్నెళ్లు (లైనక్స్ మూల భాగాలు) ఒక్కోసారి పాడైందంటూ తిప్పికొడతాయి. కంగారుపడి రిపేర్ కమాండ్లు కొట్టొద్దు. ఉబుంటు 18.04 పెన్‌డ్రైవ్‌తో అదే డిస్కు మౌంట్ అయ్యే అవకాశం ఉంది.

కమాండ్లంటే భయమైతే విండోస్‌లో యూఎఫ్ఎస్ ఎక్స్‌ప్లోరర్, ఆర్-స్టూడియో లాంటి డబ్బిచ్చి కొనే ప్రోగ్రాములు రెయిడ్‌ను తామే పోల్చుకుంటాయి. ముందు ఉచిత వెర్షన్‌లో ఫైళ్లు కనిపిస్తున్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే లైసెన్సు కొనండి.

కాపీ చేసుకోవడం

ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాముతో ఇంకో డిస్కులోకి కాపీ చేయండి. మళ్లీ దొరకనివి ముందు, సినిమాలు చివర. ఎట్ గుర్తుతో మొదలయ్యే ‘ఈఏడిర్’ ఫోల్డర్లన్నీ సైనాలజీ తయారుచేసుకున్న థంబ్‌నెయిళ్ల లాంటి అదనపు ఫైళ్లే, వాటిని వదిలేయొచ్చు. ‘రీసైకిల్’ ఫోల్డర్‌ను మాత్రం ఒకసారి తెరిచి చూడండి, పోయిందనుకున్నవి కొన్ని అందులో ఉంటాయి.

ఫైళ్ల పేర్లన్నీ ‘ఈక్రిప్ట్‌ఎఫ్ఎస్’తో మొదలై అర్థంకాని అక్షరాలుగా ఉంటే అది ఎన్‌క్రిప్ట్ చేసిన షేర్. దానికి మీరు పెట్టిన పాస్‌వర్డో, అప్పట్లో దించుకున్న కీ ఫైలో కావాలి. అవి లేకుండా ల్యాబు కూడా చేయగలిగేదేమీ లేదు.

కాపీ అయ్యాక సైజులు సరిపోయాయని వదిలేయకండి. వేర్వేరు సంవత్సరాల ఫోల్డర్లలోంచి కొన్ని ఫొటోలు తెరవండి. పెద్ద వీడియోలను మధ్యలోకి జరిపి చూడండి, టాలీ కంపెనీని లోడ్ చేసి బ్యాలెన్సులు సరిచూసుకోండి. అంతదాకా పాత డిస్కులను కొత్త బాక్సులో వేసి వాడుకోవద్దు. వారంటీకి బాక్సు పంపాల్సి వస్తే డిస్కులు తీసేసి డబ్బా ఒక్కటే పంపండి.

ఎక్కడ ఆపేయాలి?

డిస్కు టక్‌టక్‌మని కొట్టుకుంటున్నా, అసలు తిరగకపోయినా, రెయిడ్ 5లో రెండు డిస్కులు పోయినా ఇంటి వైద్యం మానేయండి. ఫ్రిజ్‌లో పెట్టడం, తట్టడం లాంటి చిట్కాలతో ఉన్న ఆశ కూడా పోతుంది. డిస్కులో డేటా చదివే హెడ్లు మార్చాలంటే దుమ్ములేని క్లీన్ రూమ్ ఉన్న ల్యాబులోనే సాధ్యం. ఇచ్చేటప్పుడు బాగున్న డిస్కులు కూడా కలిపి ఇవ్వండి. ఏది ఏ గూటిదో, ఏది ఎప్పుడు మొరాయించిందో, మీరు అప్పటికే ఏమేం ప్రయత్నించారో కాగితం మీద రాసివ్వండి. ముందు పరీక్షకెంత, ఫైళ్లు రాకపోతే ఎంత అన్నది కూడా రాతపూర్వకంగా తీసుకున్నాకే డిస్కులు వదిలిపెట్టండి.