విండోస్ 11కు మారేటప్పుడు దుకాణం కంప్యూటర్‌లోని వివరాలను కాపాడుకునే విధానం

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణాలు నడిపే మనవారు విండోస్ 11కు మారవలసి వస్తోంది. ఆ కంప్యూటర్లలో యజమాని వివరాలతో పాటు, తెలుగు, ఒడియా, సవర మాట్లాడే ఊళ్లవాళ్లు నమ్మి ఇచ్చిన ఆధార్ నకళ్లు, కుల ధ్రువపత్రాలు, బ్యాంకు పాసుపుస్తకాల స్కాన్లు కూడా ఉంటాయి.

కాబట్టి ముందుగా పని ముగిసిన స్కాన్లను తొలగించి, రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేసి, అవసరమైన వాటిని మాత్రమే విడి హార్డ్‌డిస్కులోకి తీసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, సెటప్ సమయంలో ఎవరి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవుతున్నారన్నది. కంప్యూటర్‌ను పాతపట్నానికో శ్రీకాకుళానికో పంపినప్పుడు, పని త్వరగా ముగియాలని మెకానిక్ తన ఖాతానే వాడితే, విండోస్‌ను కొత్తగా వేసిన చాలా కంప్యూటర్లలో డిస్కు ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని వివరాలకు వేసే డిజిటల్ తాళం) దానంతటదే మొదలై, దాన్ని తెరిచే రికవరీ కీ అనే సంఖ్య ఆయన ఖాతాలోనే భద్రమవుతుంది. రేపు కంప్యూటర్ ఆ కీ అడిగితే మీ ఫైళ్లు మీకే అందకుండా పోవచ్చు. మెకానిక్ ఎంత నమ్మకస్తుడైనా సరే, ఆ ఘట్టంలో మీరు పక్కన ఉండి మీ ఖాతానే ఇవ్వడం మంచిదని నా గట్టి అభిప్రాయం. తరువాత రికవరీ కీని కాగితంపై రాసి, కంప్యూటర్‌కు దూరంగా దాచండి.

రెండవది వన్‌డ్రైవ్, అంటే ఫైళ్లను ఇంటర్నెట్‌లో (క్లౌడ్‌లో) దాచే మైక్రోసాఫ్ట్ సేవ. దాని బ్యాకప్ మొదలైతే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలోని దస్త్రాలు, అంటే వినియోగదారుల ఆధార్ స్కాన్లతో సహా, ఆ ఖాతా క్లౌడ్‌లోకి చేరతాయి. వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో బ్యాకప్‌ను ఆపినా అప్పటికే చేరినవి అక్కడే ఉంటాయి కనుక, విడి హార్డ్‌డిస్కులో ప్రతి ఉందని సరిచూసుకున్నాకే వాటిని వెబ్‌లో విడిగా తొలగించండి.

లొకేషన్, ప్రకటనల ఐడీ, టైపింగ్ వివరాలు, ఐచ్ఛిక డయాగ్నస్టిక్ డేటా (కంప్యూటర్ పనితీరు గురించి మైక్రోసాఫ్ట్‌కు వెళ్లే సమాచారం) గురించి సెటప్ అడిగే ప్రశ్నలకు 'నో' అనవచ్చు. దుకాణం పనికి ఏ ఆటంకమూ ఉండదు. తప్పనిసరి డయాగ్నస్టిక్ డేటాను మాత్రం హోమ్ ఎడిషన్‌లో పూర్తిగా ఆపలేము. ఇవన్నీ సెట్టింగ్స్‌లోని ప్రైవసీ అండ్ సెక్యూరిటీ విభాగంలో మళ్లీ కనిపిస్తాయి.

విండోస్ 11కు అవసరమైన టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు లేనందున పాత కంప్యూటర్‌ను అమ్మదలిస్తే, 'రీసెట్ దిస్ పీసీ'లో అన్నిటినీ తొలగించే ఎంపికతో పాటు 'క్లీన్ డేటా'ను కూడా ఆన్ చేసి, అది పూర్తయిన తరువాతే అప్పగించండి.